నడిచొచ్చిన బండి నడిచే పోవాలె

మూలకు పడ్డ పాత మోటార్ సైకిల్‌ను బాగుచేసుకునుడు కంటె పెద్ద పుణ్యకార్యం ఈ భూమ్మీద లేదని నేనంట. కాదనెటోళ్లుంటె ముందుకు రావాలె, పంచాయితి పెట్టుకుందాం!

బావి తవ్వించెటోళ్లున్నరు, చలివేంద్రం పెట్టించెటోళ్లున్నరు. మంచిదే, వద్దంటలేను. కాని బావిల నీళ్లు పడ్డ మర్నాడు ఎవరి బిందె వాళ్లు నింపుకొని ఎవరింటికి వాళ్లు పోతరు. చలివేంద్రం కాడ తాగినోడు ఎనక్కి తిరిగి సుత చూడడు. అదే ఒక పాత మోటార్ సైకిల్‌ను ఇప్పి నడింట్ల పరువున్రి! ఏడాదైనా ఒక్కడు లేచి ఇంటికి పోతె నన్నడగున్రి. మనుషులను గింతగనం కలిపి పెట్టెటిది ఇంకేదన్న ఉన్నదా?

నా మాట నమ్మనోళ్ల కోసం గద్వాల బాలకిష్టయ్య సంగతి చెప్త. ఎనబై ఎనిమిదిల మొదలైన ముచ్చట. పేపర్ల రాలేదు. రావాల్సింది.

బాలకిష్టయ్య నేతగాడు. ఒంటికి నూలు, అంచుకు పట్టు పెట్టి నేసే గద్వాల చీర ఆయన చేతిల మంచిగ పలుకుతది. ఇంటి ముందటి అర్రల రెండు మగ్గం గుంతలుండె. ఒకదాంట్ల ఈయన కాళ్లు పెట్టుకొని నేస్తుండె. రెండోది చిన్నాయనది. చిన్నాయన షోలాపూర్ పోయినంక ఆ గుంత మీద పలకలు పరిచిన్రు. డెబ్బై నాలుగుల బాలకిష్టయ్య తండ్రి నాగన్న తన విలాయతి మోటార్ సైకిల్‌ను తెచ్చి ఆ పలకల మీద స్టాండేసిండు. కంపెనీ పేరు చెప్ప, వాళ్లు నొచ్చుకుంటరు. పెట్రోల్ ధర పెరిగింది గదా, దిగినంక నడుపుత అన్నడు నాగన్న. దిగుతదని ఎదురుచూసుకుంటనే పోయిండు. ధర మాత్రం దిగలె.

పద్నాలుగేండ్లు బండి గట్లనే ఉన్నది. ఉగాది అయిన మర్నాడు బాలకిష్టయ్య పెండ్లాం సుగుణమ్మ ఒక మాటన్నది.

"నాకొక మగ్గం గావాలె."

గిది వినంగనే బాలకిష్టయ్యకు నవ్వొచ్చింది. ఎందుకు రాదు? పెండ్లై వచ్చినప్పటిసంది సుగుణమ్మ నూలును కండెలకు చుడుతుండె, ఆసు పోస్తుండె, గంజి పెడుతుండె, తెగిన పోగులు అతుకుతుండె. నేసుడొక్కటి బాలకిష్టయ్య చేస్తుండె. అంటె చీర ఎవరు చేసినట్టు? బాలకిష్టయ్యే! దీంట్ల అనుమానమేమున్నది? అయినా సుగుణమ్మకు నేసుడు సుత వచ్చు, తల్లిగారింట్ల నేర్సింది. ఈయన అన్నానికి లేచినప్పుడు ఈయన మగ్గం మీద కూసొని బెత్తెడు బెత్తెడు నేసి లేస్తుండె. ఆమె నేసింది యాడ మొదలైందో, తాను నేసింది యాడ ఆగిందో ఆయనకే తెల్వకపోతుండె. గందుకే ఆ సంగతి ఎన్నడు మాట్లాడలె.

చేనేత సొసైటీవాళ్లు ఆ ఏడు ఆడోళ్లకు మగ్గాలిస్తున్నరు. షరతు ఒక్కటే, ఇంట్ల ఖాళీ గుంత ఉండాలె.

"ఆ బండిని జర బయట పెట్టరాదు? గుంత ఖాళీ అయితది" అన్నది సుగుణమ్మ.

బాలకిష్టయ్యకు రోషమొచ్చింది. "మా నాయిన దాని మీద కూసొని డుగుడుగు అనిపించుకుంట గడప దాటించిండు. దాన్ని శవాన్ని తీసినట్టు నలుగురం కలిసి బయటికి తీయాల్నా? ఇజ్జత్ ఉంటదా? నడిచొచ్చిన బండి నడిచే పోవాలె. వారం దినాలాగు, బాగుచేస్త."

ఆ వారం పదహారు నెలలైంది. బండి నడవలె గాని వారం మాత్రం మంచిగ నడిచింది.

ఇగ లాభాలు చూడున్రి. మొదటిది, పని చేసుకునే సౌకర్యం. రెండు పలకలు పక్కకు జరిపి, గుంతల కాళ్లు పెట్టి కూసుంటె ఇంజను సరిగ్గ బాలకిష్టయ్య ముక్కు ముందటికి వచ్చింది. చిన్నప్పటిసంది గుంతల కాళ్లు పెట్టి పని చేసినోడు ఆయన. నేల మీద కూసోబెడితె చేతులాడవు. ఇప్పుడు పొద్దున మగ్గం గుంతల, పగటాల బండి గుంతల. హైదరాబాదుల పెద్ద పెద్ద వర్క్‌షాపులకు సుత గిట్ల పుట్టు గుంతలు ఉండవని ఆయన నలుగురికీ చెప్పిండు. ఆ గుంత ఇంకొకరు అడిగిన గుంత అని మాత్రం చెప్పలె. మర్చిపోయిండో ఏమో!

రెండో లాభం, విజ్ఞానం. గద్వాల మెకానిక్కులు ఆ బండిని చూసి చేతులు జోడించి పోయిన్రు. వీపనగండ్ల నుంచి మాసయ్య వచ్చిండు. మాసయ్య బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసేటోడు. ఆయన లెక్కల లోకంల యంత్రాలు రెండు రకాలు, నీళ్లు పోసేటివి, పోయనివి. బండి చుట్టు మూడుసార్లు తిరిగి, "దీని పైపు యాడున్నది?" అని అడిగిండు. అయినా తెలివైనోడే. ఇంజనంత ఇప్పి, బట్ట మీద పరిచి, తుప్పుపట్టిన ఒక్కొక్క సామానుకు దండం పెట్టి తుడిచిండు. అన్ని గట్టిగ బిగుసుకపోయినయి. ఎనక చక్రమొక్కటి మాత్రం కాలు తగిలితె గిర్రున తిరుగుతున్నది.

"గిదేంది కిష్టన్నా! పద్నాలుగేండ్లు నిలబడ్డ బండికి ఎనక చక్రం గింత మంచిగెట్లున్నది?"

బాలకిష్టయ్య గర్వంగ మీసం దువ్విండు. "విలాయతి మాల్!"

అర్రల మూలకు కూసున్న సుగుణమ్మ తలెత్తింది. "దినాం నేనే తిప్పుతున్న గదా. చక్రానికి తాడు కట్టి కండెలు చుట్టుకుంటున్న. రాట్నం ఇరిగినప్పటిసంది గదే నా రాట్నం. కొత్తది తెమ్మంటె తెస్తివా?"

మాసయ్య చక్రం దిక్కు చూసిండు, సుగుణమ్మ దిక్కు చూసిండు. బాలకిష్టయ్య మాత్రం, "ఏదేమైనా బేరింగు విలాయతిది" అన్నడు. పద్నాలుగేండ్లు ఆ ఇంట్ల ఆ బండి పని చేస్తనే ఉన్నదని, మనిషి ఎక్కలేదు కాబట్టి ఎవరికి కనబడలేదని నేనంటె మీరు నన్ను కొట్ట వస్తరు. అనను.

మూడో లాభం, భూగోళం. బడిల పంతులు గోడ మీది మ్యాపు చూపించి కొట్టినా ఎక్కని భూగోళం ఒక కార్బొరేటర్ కోసం తిరిగితె ఎక్కుతది. పాడైన సామాన్లకు బదులు వెతుక్కుంట రాయచూరు పోయిండు, కర్నూలు పోయిండు. నాగర్‌కర్నూల్ల ఒక పిండిగిర్నీ కాడ రశీదులెగిరిపోకుండ మీద పెట్టిన బరువు చూసి, "అయ్యా, ఇది నా మ్యాగ్నెటో!" అని కౌగిలించుకున్నడు. గోపాల్‌పేటల కిక్ రాడ్ దొరికింది. ఒక రైతు దాన్ని బర్రెను కట్టేసే గూటం చేసుకున్నడు. ఇస్త గాని బర్రెను ఎవరు పట్టుకుంటరు అని అడిగిండు. బాలకిష్టయ్య సాయంత్రం దాక పట్టుకున్నడు, ఇంకో గూటం చెక్కిందాక. రైతు, బర్రె, నేతగాడు ఒక్క తాడు మీద కలిసిన్రు. గిట్ల కలిపే శక్తి ఏ పార్టీకన్న ఉన్నదా చెప్పున్రి!

నాలుగో లాభం కళ. కరెంటు వైర్లు అతికే పని బాలకిష్టయ్య మాసయ్యకు ఇయ్యలె. "పోగు అతుకుడు నాకు నేర్పుతవా?" అన్నడు. వేళ్లకు బూడిద రాసుకొని, రాగి తీగలను పోగులను పేనినట్టు పేనిండు. ముడి యాడున్నదో కనబడలె. తప్పు ఒక్కటే జరిగింది. ఎలిసిపోయిన వైర్లను ఏ రంగుకు ఏ రంగు జోడు బాగుంటదో చూసి అతికిండు. నెమలికంఠానికి ఎరుపు, మామిడిచిగురుకు పసుపు. అంచు, కొంగు కలిసినట్టు కలిసినయి. హారన్ నొక్కితె లైటు వెలిగింది, లైటు ఏస్తె హారన్ మోగింది. చూసెటందుకు మాత్రం శానా అందంగ ఉండె.

ఆయిల్ కారకుండ నడుమ పెట్టే ఇంజను ప్యాకింగ్ ఇంకా ముచ్చట. మాసయ్య మందపు అట్ట కావాలన్నడు. బాలకిష్టయ్య మగ్గం మీద డిజైను కోసం బొక్కలు కొట్టిన అట్టలు ఉంటయి గదా, అంత మందపు అట్ట ఇంకేడ దొరుకుతది? కత్తిరించి పెట్టిండు. ఇంజన్ల ఆయిల్ పోసిన్రు. ఆయిల్ ఆ బొక్కలల్ల నుంచి చుక్క చుక్క కారి నేల మీద వరుస తప్పకుండ పడ్డది. వీధి వీధంత వచ్చి చూసి, మామిడిపిందెల డిజైను అని తేల్చిన్రు. ఒక ముసలాయన, అంచుకు జర దగ్గరైంది, లేకుంటె మంచి డిజైనే అన్నడు.

గిట్ల దినాం పది పదిహేను మంది మొగోళ్లు ఆ అర్రల కూసుంటుండె. ఒకడు పానా పట్టుకుంటడు, ఒకడు పేచ్‌కస్ పట్టుకుంటడు, మిగిలినోళ్లు మాట పట్టుకుంటరు. సుగుణమ్మకు కండెలు చుట్టుకునెటందుకు చక్రం లేదు, కూసునెటందుకు జాగ లేదు. అరుగు మీద కూసొని చేతితోని చుట్టుకుంటుండె. "ఎప్పుడైతది?" అని అడుగుతుండె. "రెండు దినాలు" అంటుండె బాలకిష్టయ్య. ఆమె ఇంకోటి సుత చెప్పింది. "ఎలుకలు దూరకుండ ఆ పొగగొట్టంల నేను రద్దునూలు కుక్కిన, అది తీసిన్రా?" అని. ఎవరు ఇనలె. రెండోసారి చెప్పింది. "ఇంజన్ సంగతి నీకేం తెల్సు, చాయ్ పెట్టు" అన్నడు బాలకిష్టయ్య. మూడోసారి చాయ్ ఇచ్చుకుంట చెప్పింది. చాయ్ మంచిగున్నదన్నరు.

సొసైటీ నుంచి వెంకట్రాములు సార్ గుంత చూడ వచ్చిండు. ఎప్పుడు వస్తడా అని సుగుణమ్మ నాలుగు నెలలసంది ఎదురుచూస్తున్నది. సార్ రిజిస్టర్ చంకల పెట్టుకొని గడపల నిలబడ్డడు. బండిని చూసిండు. రిజిస్టర్ కింద పెట్టిండు. "మా మామకు గిసొంటిదే ఉండె" అన్నడు. గంటసేపటికి సార్ కాళ్లు గుంతల ఉన్నయి, చేతులకు గ్రీజు ఉన్నది. పోయేటప్పుడు రిజిస్టర్ల న్యాయంగ రాసిండు: "గుంత ఖాళీగ లేదు. వాడుకల ఉన్నది."

సుగుణమ్మ ఆ పూట అన్నం తినలె. బాలకిష్టయ్య తిన్నడు. ఆమె ఎందుకు తినలేదో అడుగుదామనుకున్నడు గాని, అడిగితె చెప్తదని భయపడ్డడు.

మరుసటేడు వెంకట్రాములు సార్ మళ్లొచ్చి కచ్చితంగ చెప్పిండు. శ్రావణ పున్నమే ఆఖరు. ఆనాటికి గుంత ఖాళీ లేకుంటె వరుసల తర్వాత ఉన్న లలితమ్మకు మగ్గం పోతది. లలితమ్మ ఎదురింటామె.

"ఆ బండిని నలుగురం పట్టి బయట పెడతం, నీ కాళ్లు మొక్కుత" అన్నది సుగుణమ్మ.

ఇగ ఐదో లాభం, సిద్ధాంతం. మాట మీద నిలబడే మొగోడిని చూడాలంటె పాత బండి ఉన్నోడిని చూడాలె. "పున్నమి లోపల నడిపిస్త. తోసేది మాత్రం లేదు" అన్నడు బాలకిష్టయ్య. నోటితోని అన్నడు గాని లోపల ఆయనకు సుత గుబులుగనే ఉన్నది. జమ్ములమ్మకు కోడిని మొక్కిండు.

పున్నమి వచ్చింది. పొద్దుగాల కొత్త జంధ్యం ఏసుకొని బాలకిష్టయ్య బండెక్కిండు. కిక్ కొట్టిండు. ఆయన అలిసిపోతె మాసయ్య కొట్టిండు. మాసయ్య తర్వాత వీధి కొట్టింది. పహిల్వాన్లు కొట్టిన్రు, పొట్టపెరిగినోళ్లు కొట్టిన్రు. దవాఖానల చూపించుకోను పోయెటాయన దారిల ఆగి రెండు కొట్టి, నడుము పట్టుకొని పోయిండు. ఇంజను దగ్గలే, తుమ్మలే. పగటాలకు అందరు నీరసపడి అరుగు మీద చాయ్ తాగుకుంట కూసున్నరు. బాలకిష్టయ్య ఒక్కడే బండి మీదనే కూసున్నడు. దిగితె ఓడిపోయినట్టని ఆయన లెక్క.

సుగుణమ్మ లోపలికి వచ్చింది. కొంగు నడుముకు చెక్కి, బండి ఎనక కూసొని, పొగగొట్టంలకు వేళ్లు పెట్టి నూలు పట్టి గుంజింది. మూర ఎనక మూర వచ్చింది. నల్లగ, ఎర్రగ, పచ్చగ, పద్నాలుగేండ్ల రద్దునూలు. ఒళ్లె నిండింది.

"ఇప్పుడు కొట్టు" అన్నది.

కొట్టిండు. ఒక్క కిక్కు! డుగుడుగుడుగుడుగు!

అరుగు మీది చాయ్ గ్లాసులు ఎగిరినయి. మాసయ్య, "గా ప్యాకింగ్ మార్చినందుకే!" అన్నడు. ఇంకోడు జమ్ములమ్మ తల్లి మహిమ అన్నడు. పదహారు నెలల ఇంజనీర్లందరు ఒకరినొకరు కౌగిలించుకున్నరు. సుగుణమ్మ ఒళ్లెల నూలు ఎవరికి కనబడలె. మగ్గం మీది తెల్లచీర పొగకు బూడిదరంగైంది, అది సుత ఎవరికి కనబడలె. బండి స్టాండు దిగి, పలకల మీద నుంచి దుమికి, బాలకిష్టయ్యను ఏసుకొని గడప దాటి వీధిల పడ్డది. నడిచే పోయింది! ఇజ్జత్ నిలిచింది!

ఇప్పుడొక చిన్న చిక్కొచ్చింది. ఆపితె మళ్ల స్టార్టయితదో కాదో బాలకిష్టయ్యకు తెల్వదు. నడిబజార్ల ఆగితె తోసుకుంట రావాలె, అంతకంటె సావు నయం. గందుకని ఆపకుండ కోట చుట్టు తిరిగి మళ్ల తన వీధిలకు వచ్చిండు. జనం చప్పట్లు కొట్టిన్రు. మళ్ల కోట చుట్టు పోయిండు.

రెండో చుట్టుల తన ఇంటి ముందటికి వచ్చినప్పుడు పలకలు గోడకు ఆనిచ్చి కనబడ్డయి. మంచిదే, ఊడ్చుకుంటున్నది అనుకున్నడు.

నాలుగో చుట్టుల, ఆఖరు దినమని మగ్గం తెచ్చిన సొసైటీ ఎడ్లబండి ఇంటి ముందట ఆగి ఉన్నది. సుగుణమ్మ, లలితమ్మ కలిసి మగ్గం గుంజలు దించుతున్నరు. అవును, ఆ లలితమ్మే! వరుసల తర్వాత ఉన్న లలితమ్మే ఒక దిక్కు పట్టింది. బాలకిష్టయ్య బండి మీదనే మెడ తిప్పిండు. "ఏయ్, ఏం చేస్తున్నవే?" అని అరిచిండు.

"బండి సప్పుడుకు ఇనొస్తలేదు!" అన్నది సుగుణమ్మ.

ఏడో చుట్టుల గుంజలు నిలబడ్డయి. పదో చుట్టుల మగ్గం పలక ఎక్కింది. పన్నెండో చుట్టుల వెంకట్రాములు సార్ గడపల నిలబడి రిజిస్టర్ల రాస్తున్నడు. "సార్, ఆగున్రి!" అని బాలకిష్టయ్య లైటు స్విచ్ ఏసిండు. హారన్ మోగింది. సార్ సంతోషపడి చెయ్యి ఊపిండు. ఆపుదామా? ఆపితె బండి పోతది. ఆపకుంటె గుంత పోతది. రెండింట్ల ఏది పెద్దదో తేల్చుకునె లోపల మళ్ల కోట వచ్చింది.

నాలుగు గంటలు తిరిగినంక టాంకీ ఎండి, ఇంటికి పది అడుగుల ముందట బండి ఆగింది. బాలకిష్టయ్య బండి దిగి లోపలికి పోయిండు. సుగుణమ్మ రెండో గుంతల కాళ్లు పెట్టి కూసున్నది. నాడె పోగు పట్టుకొని ఇటు పోయింది, అటు వచ్చింది.

"నా బండి యాడ పెట్టాలె?" అన్నడు.

"నడిచే బండికి ఇంట్లేం పని? నడిపియ్యి" అన్నది.

కథ ఈడ ఆపితె మీరు చప్పట్లు కొట్టి పోతరు. ఆపను. ఆ పూట వెంకట్రాములు సార్ రిజిస్టర్ల ఏం రాసిండో చెప్పాలె గదా. "రెండో మగ్గం. నేత: ఇంటి పెద్ద బాలకిష్టయ్య."

"కూసున్నది నేను గదా సార్?" అన్నది సుగుణమ్మ.

"కూసునెటోళ్లకు రిజిస్టర్ల గడి లేదమ్మా. ఇంటి పెద్దకే ఉన్నది."

"ఆడోళ్లకని ఇచ్చిన మగ్గం గదా?"

"ఆడోళ్లకే. అందుకనే పైలంగ ఉండాలని మొగాయన పేరు రాస్తున్న."

సుగుణమ్మకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బాలకిష్టయ్య, "పేరుల ఏమున్నదే, పని నీదే గదా!" అని ఓదార్చిండు. మంచి మాట. బండి కాగితాలల్ల నాయిన పేరు తీయించి తన పేరు ఎక్కించుకునెటందుకు ఇదే మనిషి మూడుసార్లు మహబూబ్‌నగర్ పోయొచ్చిండు.

ఆ మగ్గం మీద సుగుణమ్మ నేరేడుపండు రంగు చీర నేసింది. ఆకుపచ్చ పట్టు అంచు. నూలుకు, పట్టుకు అతుకు యాడున్నదో గోరుపెట్టి గీకినా దొరకదు. సొసైటీల ఆ చీరను చేతులు మార్చి మార్చి చూసిన్రు. చూసినోళ్లంత బాలకిష్టయ్య ఇంటికొచ్చిన్రు. ఆయన అరుగు మీద బండి ముందట కూసొని కార్బొరేటర్ తుడుస్తున్నడు.

"చెయ్యి మస్తు తిరిగింది కిష్టన్నా! నీ జన్మల గిట్ల నేయలే!"

బాలకిష్టయ్య నోరు తెరిచిండు. నేను కాదు అనాలె. ఆ మాట గొంతు దాక వచ్చింది. "ఏదో, మీ దయ" అని బయటికొచ్చింది.

లోపల మగ్గం సప్పుడు ఆగింది. కొంచెం సేపటికి మళ్ల మొదలైంది. బాలకిష్టయ్య కార్బొరేటర్‌ను ఇంకా గట్టిగ తుడిచిండు.

మాఘమాసంల కాగితమొచ్చింది. వనపర్తిల చేనేత సభ. ఆ చీర నేసినందుకు శాలువ కప్పి, నేతగాళ్ల గుర్తింపు కార్డు ఇస్తరంట. ఆ కార్డు ఉంటె సొసైటీల నూలు అడిగే హక్కు, మీటింగుల నోరు తెరిచే హక్కు ఉంటయి. కాగితం మీద పేరు ఎవరిదో మీకు చెప్పే పని లేదు.

"బస్సుల పోదాం" అన్నది సుగుణమ్మ.

"శాలువ కప్పుకునేటోడు బస్సుల పోతడా? బండి మీద పోత. నువ్వు ఎనక ఎక్కు."

"నేనెక్క" అన్నది సుగుణమ్మ. టిఫిన్ కట్టుకొని బస్సెక్కింది.

బాలకిష్టయ్య నల్లద్దాలు పెట్టుకున్నడు. ఎర్రవల్లి చౌరస్తా దాటిండు. చౌరస్తాల నలుగురు చూసిన్రని జర జోరు పెంచిండు. బీచుపల్లి బ్రిడ్జి మీద, కింద కృష్ణ పారుతుండంగ, సరిగ్గ నడుమకు వచ్చినంక బండి రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. కిక్ కొట్టిండు. ప్లగ్గు ఇప్పిండు, ఊదిండు, పెట్టిండు. మళ్ల కొట్టిండు. గుంత లేకుంటె ఆయనకు చేతులాడవు గదా! వనపర్తి బస్సు పక్క నుంచి పోయింది. కిటికీల సుగుణమ్మ కనబడ్డది. చెయ్యి ఎత్తి ఆపుదామనుకున్నడు. బండిని ఒక్కదాన్ని బ్రిడ్జి మీద ఇడిచి ఎట్ల పోతడు? ఎత్తిన చెయ్యితోని నెత్తి గోక్కున్నడు.

పొద్దు గుంకంగ గద్వాల బస్సు బ్రిడ్జి కాడ ఆగింది. సుగుణమ్మ దిగింది. భుజం మీద శాలువ ఉన్నది, చేతిల కార్డు ఉన్నది.

"నన్ను పిలువలేదా?" అని అడిగిండు బాలకిష్టయ్య.

"మైకుల మూడుసార్లు పిలిచిన్రు. ఎవరు లేవలె. కార్డు వాపస్ తీసుకపోతె మళ్ల రాతపని, ఎవరన్న తీసుకపోరాదా అని వెంకట్రాములు సార్ తల పట్టుకున్నడు. నేను లేచిన. నేసింది నేనే సార్ అన్న. సరే, నీ పేరే రాస్త, నాకు పని ఒడుస్తది అన్నడు."

బాలకిష్టయ్య కార్డు తీసుకొని చదివిండు. నేత: సుగుణమ్మ. దాని కింద చిన్న అక్షరాలతోని ఇంకో ముక్క రాసి ఉన్నది. "భర్త హాజరు కానందున."

ఆయనకు సిగ్గైంది. నిజంగనే అయింది. కార్డు జాగ్రత్తగ ఆమె చేతికిచ్చి, హ్యాండిల్ పట్టుకున్నడు. సుగుణమ్మ శాలువ నడుముకు చుట్టి ఎనక నుంచి తోసింది. ఇద్దరు కలిసి ఆ విలాయతి బండిని చౌరస్తా దాక తోసుకుంట వచ్చిన్రు. చౌరస్తాల అందరు చూసిన్రు. బాలకిష్టయ్య తల దించుకోలె, హ్యాండిల్ ఇడువలె.

అయ్యలారా, ఇప్పుడు చెప్పున్రి! ఇరవై ఏండ్లు కండెలు చుడితె రాని పేరు, కాళ్లు మొక్కితె రాని పేరు, కండ్లముందట కూసొని నేసినా రాని పేరు, కార్బొరేటర్ల ఒక నలుసు అడ్డం పడితె వచ్చింది. ఆడమనిషి పేరు కాగితం మీదికి ఎక్కాలంటె మన దగ్గర ఉన్న తొవ్వ గిదొక్కటే గదా, మొగోడు యాడనో ఆగిపోవాలె! మరి నేను పాత మోటార్ సైకిళ్లను పొగడక ఏం చేయాలె?

మర్నాడు వీపనగండ్ల నుంచి మాసయ్య పానాల సంచి ఏసుకొని వచ్చిండు. సుగుణమ్మ మగ్గం దిగొచ్చి అడగకముందుకే చాయ్ ఇచ్చింది.

"ఫికర్ చేయకు వదినా, రెండు దినాలల్ల నడిపిస్త" అన్నడు మాసయ్య.

"తొందరేం లేదు మాసన్నా, నిమ్మలంగ చెయ్యి" అన్నది సుగుణమ్మ. "వచ్చే ఏడు సభ అయినంక నడిచినా మంచిదే."